గొంతు ఒకరిది, పేరు మరొకరిది: డ్యాన్స్ సింగిల్ ఎవరి పాట?

నిశిరాగం:
ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సింగిల్ (విడిగా వచ్చే ఒక్క పాట) విడుదలైతే ప్రొడ్యూసర్, అంటే పాట సంగీతాన్ని తయారుచేసినవారి పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పాడినవారి పేరు ఒక్కోసారి 'ఫీచరింగ్' (అతిథిగా) అన్న మాట పక్కన కనిపిస్తుంది, ఒక్కోసారి అసలే కనిపించదు. జనం మాత్రం పాడుకునేది ఆ గొంతునే. పాటను మొదటి నుంచి చివరి దాకా మోసిన గొంతు ఎవరిదో, వారి పేరు ప్రొడ్యూసర్ పేరుతో సమానంగా శీర్షికలోనే ఉండాలని నా వాదన.

2013లో అవీచీ అనే ప్రొడ్యూసర్ చేసిన 'వేక్ మీ అప్' ప్రపంచమంతా మోగింది. పాడినది గాయకుడు అలో బ్లాక్. రచనలోనూ ఆయన చెయ్యి ఉంది. సింగిల్ మీద ఉన్నది అవీచీ పేరొక్కటే. అదే పాటను బ్లాక్ తరువాత డ్యాన్స్ బీట్ లేకుండా, గిటారు తోడుగా తన పేరున విడుదల చేశారు. బీట్ తీసేసినా పాట నిలబడింది. గొంతు తీసేస్తే నిలబడేదా?

సింథ్‌కోట:
మీ వాదనకు సరిపోయే పాటనే ఎంచుకున్నారు. అదే అవీచీ 2011లో చేసిన 'లెవెల్స్' వినండి. అందులో గాయని ఎటా జేమ్స్ గొంతు ఉంది, 1962 నాటి పాట నుంచి తీసుకున్న ముక్క. అది వినిపించేది మధ్యలో కాసేపే. విన్నవారి నోట ఆడేది మాటలు లేని ఆ సింథ్ (సింథసైజర్) వరసే.

నేను ట్రాక్‌లు చేస్తాను కనుక లోపలి పని చెబుతాను. గాయని నుంచి మాకు వచ్చేది సంగీతం లేని ఒట్టి గొంతు ఫైలు. అందులో అక్కరలేని ఊపిరి చప్పుళ్లు తీయాలి, ప్రతి అక్షరాన్నీ బీట్ మీద కూర్చోబెట్టాలి, పల్లవిని పొరలు పొరలుగా పేర్చాలి. డ్రాప్‌కు, అంటే బీట్ పూర్తి బలంతో విరుచుకుపడే చోటుకు, ముందు బేస్ తీసేసి, ధ్వనిని అణచే ఫిల్టర్‌ను మెల్లగా తెరుస్తూ, స్నేర్ డ్రమ్ దెబ్బలను రెట్టింపు చేసుకుంటూ పోయి, చివరి బీట్ దగ్గర అన్నిటినీ ఆపేసి, ఆ ఖాళీలో ఒక్క మాట వదలాలి. వినేవారి ఒళ్లు జలదరించేది అక్కడే. ఆ మాటకు బలం ఇచ్చింది ఆ ఖాళీ. తరువాత డ్రాప్‌లో వాద్యంలా వినిపించేది కూడా చాలాసార్లు అదే గొంతులోంచి ఒక అక్షరాన్ని కోసి, శ్రుతి మార్చి, కీబోర్డు మీద వాయించినదే.

చరిత్ర కూడా చూడండి. 1977లో 'ఐ ఫీల్ లవ్' గాయని డోనా సమ్మర్ పాటగా వచ్చింది. దాదాపు మొత్తం 'మూగ్' అనే సింథసైజర్ మీద కట్టిన ఆ పాట వెనుక ప్రొడ్యూసర్లు జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ ఉన్నారని ఎంతమంది శ్రోతలకు తెలుసు? ఎన్నో ఏళ్లు వెనుక వరుసలో ఉన్నవారికి ఇప్పుడు ముందు వరుస దొరికింది. దాన్ని తప్పు పట్టడం న్యాయం కాదు.

నిశిరాగం:
ప్రొడ్యూసర్ పేరు తీసేయమని నేను అనలేదు, పక్కన ఇంకో పేరు చేర్చమంటున్నాను. చేర్చకపోతే ఏమవుతుందో ఈ సంగీతం ఇదివరకే చూసింది.

1989లో ఇటలీకి చెందిన బ్లాక్ బాక్స్ బృందం 'రైడ్ ఆన్ టైమ్' తెచ్చింది. బ్రిటన్‌లో ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన సింగిల్ అది. అందులోని గొంతు గాయని లొలియాటా హాలోవే 1980లో పాడిన 'లవ్ సెన్సేషన్' నుంచి తీసుకున్నది. ఆమె పేరు ఎక్కడా లేదు. తెర మీద పెదవులు కదిపింది కాత్రిన్ కినోల్ అనే మోడల్. గొడవ ముదిరాక గొంతు మార్చి ఇంకో రూపం తెచ్చారు. అందులో పాడిన హెదర్ స్మాల్ పేరు కూడా వేయలేదు!

మరుసటి ఏడాది సీ అండ్ సీ మ్యూజిక్ ఫ్యాక్టరీ అనే బృందం వంతు. వారి పాటలో 'ఎవ్రీబడీ డ్యాన్స్ నౌ' అని పిలిచే గొంతు గాయని మార్తా వాష్‌ది. వీడియోలో కనిపించింది జెల్మా డేవిస్. సింగిల్ మీద 'ఫీచరింగ్' అని ర్యాప్ చేసిన ఫ్రీడమ్ విలియమ్స్ పేరు ఉంది. అంటే అతిథి పేరు వేయడం వారికి తెలియక కాదు. వాష్ కోర్టుకు వెళ్లారు. రాజీ కుదిరాక, గొంతు ఆమెదని తెలిపే వాక్యం వీడియోకు చేరింది. పాట అప్పటికే అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కి దిగింది.

మీరు పేర్చే పొరల్లో గొంతు కూడా ఒక పొరే అనుకున్నప్పుడు ఆ పొర వెనుక మనిషిని మార్చేయడం ఎంత తేలికో చూశారు కదా.

పల్లవి_చరణం:
నేను స్టూడియోలలో పాడి బతికే మనిషిని. గౌరవం సంగతి తరువాత, ముందు డబ్బు సంగతి చెబుతాను.

అమెరికాలో డిజిటల్ రేడియో ప్రసారాలకు సౌండ్ఎక్స్‌చేంజ్ అనే సంస్థ వసూలు చేసే రాయల్టీలో 50 శాతం రికార్డు హక్కుదారుకు, 45 శాతం ముఖ్య కళాకారులకు వెళ్తుంది. మిగిలిన 5 శాతంలో సగం పేరు లేని వాద్యకారులది, సగం పేరు లేని గాయకులది. ముఖ్య కళాకారులు ఎవరన్న ప్రశ్న వస్తే మొదట చూసేది రికార్డుతో పాటు అచ్చయిన పేర్లనే. పేరు పడితే ఆ 45 శాతంలో వాటా అడిగే దారి ఉంటుంది. పడకపోతే పాట మొత్తం నేనే పాడినా, వెనుక నుంచి రెండు ఆలాపనలు అందించిన వారితో కలిసి ఆ రెండున్నర శాతం దగ్గర నిలబడతాను.

సింథ్‌కోట గారూ, మీకు వచ్చేది ఒట్టి గొంతు ఫైలు అన్నారు. ఆ ఫైలులో వరస ఎవరిది? చాలా సింగిల్స్‌కు మాకు అందేది కొన్ని కార్డ్‌లు (స్వరాల కూర్పులు), ఒక బీట్. మాటలు, వరస, నోట నిలిచిపోయే హుక్ మేమే కట్టి పాడి పంపుతాం. 'టైటానియం' కథ తెలిసిందే. గాయని సియా దాన్ని వేరే గాయనుల కోసం రాసి, నమూనాగా పాడారు. ప్రొడ్యూసర్ డేవిడ్ గెట్టా ఆ నమూనానే ఉంచి 2011లో విడుదల చేశారు. పేరైతే వేశారు, కానీ ముందుగా తనకు తెలియదని సియానే చెప్పారు. నాకూ అలాగే జరిగింది, పేరు కూడా పడలేదు. 'పెద్ద గాయనికి వినిపించడానికి మాత్రమే' అని డెమో పాడించుకున్నారు. విడుదలయ్యాక ప్లే చేస్తే రెండో చరణంలో నా గొంతు జీర వినిపించింది. ఒక్కసారి ఇచ్చిన డబ్బుతో సరి అని కాగితంలో ఉంది. నేను సంతకం చేశాను కనుక అడిగే దారి లేదు.

మధ్యశ్రుతి:
పల్లవి గారి మాటతో ఏకీభవిస్తాను. కానీ నిశిరాగం గారి నియమం అన్ని పాటలకూ అతకదు. డాఫ్ట్ పంక్ బృందం 'వన్ మోర్ టైమ్'లో గాయకుడు రోమాంతనీ గొంతును శ్రుతి మార్చే ఆటోట్యూన్‌తో ఎంతగా మార్చారంటే, ఆ మార్పే పాట అయింది. శాంపిల్ (పాత రికార్డు నుంచి తీసుకున్న ముక్క) సంగతి మరీ చిక్కు. క్షణం పాటు వినిపించే పాత గొంతుకు కూడా శీర్షికలో చోటివ్వాలా?

శీర్షిక క్రమం శ్రమను బట్టి కుదురుతుందని కూడా నమ్మను. 2011లో 'వి ఫౌండ్ లవ్' గాయని రిహానా పాట, అతిథి ప్రొడ్యూసర్ కాల్విన్ హ్యారిస్. 2016లో 'దిస్ ఈజ్ వాట్ యు కేమ్ ఫర్' హ్యారిస్ పాట, అతిథి రిహానా. రెండింటిలోనూ ట్రాక్ ఆయనదే, గొంతు ఆమెదే. మారింది పాట ఎవరి ఖాతాలో విడుదలైందన్నది మాత్రమే. రెండో పాట రచనలో భాగమున్న గాయని టేలర్ స్విఫ్ట్ మారుపేరు పెట్టుకున్నారు. పేరు వద్దనుకునే హక్కు కూడా కళాకారులకు ఉండాలి కదా.

నిశిరాగం:
వద్దనుకోవడం వేరు, అడగకుండా తీసేయడం వేరు. శాంపిల్‌ను లోపలి వివరాల్లో రాస్తే చాలు, అక్కడ పట్టు విడుస్తాను. కొత్తగా పిలిచి పాడించుకున్న గొంతు విషయంలో మాత్రం విడవను. ఆటోట్యూన్ ఎంత పూసినా రోమాంతనీ పాడకుండా ఆ పాట లేదు.

సింథ్‌కోట:
డబ్బు విషయంలో పల్లవి గారిని కాదనలేను. దానికి మందు ఒప్పందంలో ఉంది, శీర్షికలో కాదు. రచనలో వాటా, రికార్డు మీద శాతం కాగితం మీద రాసుకుంటే పేరు ఎక్కడున్నా నష్టం ఉండదు. గొంతు తెచ్చిన ప్రతివారినీ శీర్షికలో చేర్చితే, ట్రాక్‌కు తనదైన ధ్వని ఇచ్చిన మిక్సింగ్ ఇంజనీరు సంగతేమిటి?

పల్లవి_చరణం:
ఇంజనీరును విని ఎవరూ 'ఎవరిదీ గొంతు' అని వెతకరు. మా తదుపరి పని అలా వెతికినవారి నుంచే వస్తుంది. ఇక ఒప్పందం అంటారా, పేరున్న గాయని అడిగితే శాతం ఇస్తారు. పేరు లేని నేను అడిగితే ఇంకో గొంతును పిలుస్తారు. మీ తదుపరి సింగిల్‌కు పాడేవారి కాగితంలో రెండు వాక్యాలు రాయండి: వరస కట్టినందుకు రచనలో వాటా, డెమోను అనుమతి లేకుండా విడుదల చేయరాదు అని.

సింథ్‌కోట:
ఆ రెండూ రాస్తాను. శీర్షికలో పేరు మాత్రం మిక్స్ పూర్తయ్యాకే నిర్ణయిస్తాను.

పల్లవి_చరణం:
మిక్స్ పూర్తయ్యాక నా చేతిలో ఏమీ ఉండదు. అదీ పాడకముందే రాయండి.