ఇటలీ వంటల యాత్ర: 12 మంది బృందమా, 40 మంది బస్సా?

మూలపేట మెస్సు, నెల్లూరు:

అందరికీ నమస్కారం. నెల్లూరు మూలపేటలో 26 ఏళ్లుగా మెస్సు నడుపుతున్నాను. మామూలు రోజుల్లో 80 భోజనాలు, చేపల పులుసు ఉన్న ఆదివారం 120 దాటుతాయి. ఇన్నేళ్లలో పొయ్యి వదిలి వరుసగా నాలుగు రోజులు ఎక్కడా ఉండలేదు. ఇప్పుడు కోడలు మెస్సు తాను చూసుకుంటానంది, అబ్బాయి ఖర్చు తనదన్నాడు. ఎక్కడికి వెళ్తావమ్మా అని అడిగితే ఇటలీ అన్నాను.

కారణం చెబుతాను. ఒకసారి టీవీలో బారి అనే ఊళ్లో ఒక వీధి చూపించారు. ఇంటి గుమ్మం ముందు బల్ల వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. పిండిని తాడులా పేని, చిన్న ముక్కలు కోసి, ఒక్కో ముక్కనూ కత్తితో తన వైపు లాగి బొటనవేలి మీద బోర్లిస్తోంది. చిన్న చెవిలా తయారవుతోంది. పక్కవాళ్లతో కబుర్లు చెబుతూనే ఉంది, చేతి వైపు చూడటం లేదు. మా అమ్మ గవ్వలు ఒత్తేటప్పుడు అచ్చం అలాగే ఉండేది. ఆ పిండి ఎంత గట్టిగా ఉండాలో నా వేలితో తెలుసుకోవాలని అప్పటి నుంచి మనసులో పడింది.

నా ముందు రెండు యాత్రల వివరాలు ఉన్నాయి. మొదటిది 40 మంది బస్సు: పది రోజుల్లో ఏడు ఊళ్లు, రోజూ రాత్రి మన భోజనం. రెండోది 12 మంది: బొలోన్యాలో అయిదు రాత్రులు, వెరోనాలో రెండు, బారిలో మూడు. పార్మా దగ్గర చీజ్ తయారీ, మోడెనాలో ద్రాక్ష వెనిగర్, మధ్యలో మూడు చోట్ల మనతోనే వంట చేయిస్తారట. ధర మొదటి దానికి దాదాపు రెట్టింపు.

పంది, గొడ్డు మాంసం నేను తినను. చేప, కోడి, గుడ్డు తింటాను. మోకాళ్లు అంత బాగా లేవు. షుగరు మాత్రలు వేసుకుంటాను కాబట్టి భోజనం వేళ తప్పకూడదు. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ గబగబా మాట్లాడలేను. అందరిలో నా ఒక్కదాని కోసం వంట మార్చమంటే మిగతావారికి బరువవుతానేమోనని బెంగగా ఉంది. వెళ్లివచ్చినవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

చీమకుర్తి గ్రానైట్:

అమ్మా, నమస్కారం. మాది రాతి వ్యాపారం. వెరోనాలో ఏటా సెప్టెంబరు చివర్లో మార్మోమాక్ అని పెద్ద రాళ్ల ప్రదర్శన జరుగుతుంది. దానికి ఇప్పటికి ఆరుసార్లు వెళ్లాను.

40 మంది బస్సు మాత్రం ఎక్కవద్దు. పాత ఊళ్ల నడిబొడ్డుకు పెద్ద బస్సులను రానివ్వరు. ఎక్కడో దింపితే అక్కడి నుంచి నడక, మళ్లీ బస్సు దగ్గరికి నడక. మీ మోకాళ్లకు అదే పెద్ద శిక్ష.

ఆ మాటకొస్తే 12 మంది బృందం కూడా అక్కర్లేదని నా అభిప్రాయం. అబ్బాయినో కోడలినో తోడు తీసుకుని బొలోన్యాలో గది తీసుకోండి. అక్కడి నుంచి రైల్లో మోడెనా అరగంట, పార్మా గంట, ఫ్లోరెన్స్ వేగం రైల్లో 40 నిమిషాలు. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావచ్చు. ప్రాంతీయ రైలుకు కాగితం టికెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించుకోవాలి. మొదటి ఏడాది నాకది తెలియక జరిమానా కట్టాను. ప్రదర్శన జరిగే వారం వెరోనాలో గది దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. ఆగస్టు 15 వాళ్లకు పెద్ద పండగ, ఆ రోజుల్లో చాలా హోటళ్లు మూసేసి ఊళ్లు వెళ్లిపోతారు.

ఇంకొక్క మాట. ఎప్పుడైనా వీలైతే కరారా పాలరాతి కొండలు చూడండి. అక్కడ కొలొన్నాటా అనే పల్లెలో పంది కొవ్వును ఉప్పు, మిరియాలు, ఆకులు వేసి పాలరాతి తొట్లలో నెలల తరబడి ఊరబెడతారు. మీరు తినరనుకోండి. కానీ మన రాచ్చిప్పలో పులుసు కాచినట్టు వాళ్లకూ రాయి వంటింటి వస్తువేనని తెలిసినప్పుడు, రాయి కోసి బతికేవాడిని కదా, నాకు చాలా సంతోషమైంది.

కోవూరు రైసు మిల్లు:

చెల్లెమ్మా, నాకు 66 ఏళ్లు. మామగారి కాలం నుంచి మాకు రైసు మిల్లు ఉంది, 40 ఏళ్లు దాని లెక్కలు నేనే చూశాను. 2023 అక్టోబరులో మా వదినా నేనూ 11 మంది బృందంతో దాదాపు మీరు రాసిన దారిలోనే వెళ్లివచ్చాం.

చీమకుర్తి తమ్ముడు రైళ్ల గురించి చెప్పింది నిజమే. ఊళ్లు చూడటానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. కానీ మీరు వెళ్తున్నది వంటిళ్లలోకి. ఆ తలుపు తట్టి, లోపలి వాళ్లతో వాళ్ల భాషలో మాట్లాడి, మనల్ని పొయ్యి దగ్గర నిలబెట్టే మనిషి కావాలి. 40 మంది ఏ వంటింట్లోనూ పట్టరు. ఒక్కరే వస్తే వాళ్లకు గిట్టుబాటు కాదు. డబ్బు అక్కడ పెట్టండి, పూర్తిగా అక్కడే పెట్టండి.

వెరోనా దగ్గర ఇసోలా దెల్లా స్కాలా అనే ఊళ్లో వరి పండిస్తారు. వియాలోనే నానో అని పొట్టి గింజ. అక్కడ 17వ శతాబ్దం నాటి మిల్లు చూపించారు. నీటి చక్రం తిరుగుతుంటే కొయ్య రోకళ్లు ఒకదాని వెనుక ఒకటి లేచి పడుతున్నాయి. మన దంపుడు బియ్యమే. వదిన అక్కడి నుంచి కదలలేదు. చిన్నప్పుడు పుట్టింట్లో తెల్లవారుజామున ఆ చప్పుడుకే నిద్ర లేచేదట.

తర్వాత మాతో రిసొట్టో వండించారు. నేను అలవాటు కొద్దీ బియ్యం గిన్నె కుళాయి కిందికి తీసుకెళ్లాను. వంటావిడ పరుగున వచ్చి నా మణికట్టు పట్టుకుంది. కడిగితే గింజ మీది పిండి నీళ్లలో పోతుందట, ఆ వంటకు చిక్కదనం ఆ పిండి వల్లే. ముందు బియ్యాన్ని వెన్నలో గింజ వేడెక్కేదాకా వేయించాలి. పక్క పొయ్యి మీద కూరగాయలో మాంసమో కాచి వడకట్టిన రసం మరుగుతూ ఉంటుంది. గరిటెడు పోసి, అది ఇగిరాక ఇంకో గరిటెడు. గింజ మధ్యలో కాస్త పలుకు ఉండగానే దించి, వెన్నా చీజ్ వేసి గట్టిగా కలపాలి. పళ్లెం వంచితే అలలా జారాలి. మొలకొలుకుల బియ్యం పాతబడితే గానీ వండని ఇంట్లో, మెతుకుకు మెతుకు అంటకూడదని పెరిగినదాన్ని. అంటుకోవడం కోసమే బియ్యం ఏరికోరి కొంటారని ఆ రోజు తెలిసింది. రుచి ఎలా ఉందంటారా, రెండోసారి వడ్డించుకున్నాను.

ఇక మీ తిండి సంగతి. "మాంసం తినను" అని మాత్రం చెబితే చాలదు, ఎందుకంటే మాంసం కంటికి కనిపించని చోట్ల ఉంటుంది. నేను చెప్పిన రిసొట్టో రసం చాలాచోట్ల ఎముకలూ మాంసమూ కాచినదే. కూరగాయల రసంతో చేయమని ముందే చెప్పాలి. బొలోన్యాలో తొర్తెల్లీని అనే చిన్న పిండి చుట్టల్లో కూరేది పంది మాంసం. అక్కడి రాగూ అనే మాంసం కూర గంటల తరబడి సన్నటి సెగ మీద ఉడుకుతుంది, అందులో గొడ్డు మాంసమూ కొవ్వు పట్టిన పంది మాంసమూ రెండూ ఉంటాయి. పియాదీనా అనే రొట్టె పిండిలో పంది కొవ్వు కలపడం పాత పద్ధతి. వీటి బదులు రికొత్తా అనే మెత్తటి చీజ్, ఆకుకూర కూరిన తొర్తెల్లోని అడగండి, పేరు చివర కొంచెమే తేడా. పార్మిజానో చీజ్‌లో పాలు విరవడానికి దూడ కడుపులోని తోడు వాడతారు. అది విన్నాక వదిన ముట్టుకోలేదు. నేను తిన్నాను. మీకు ముందే తెలియడం మంచిదని రాస్తున్నాను.

ఇవన్నీ పేరుపేరునా కాగితం మీద రాసి నెల ముందే పంపండి. మాకు ఎక్కడా ఎవరూ ముఖం చిట్లించలేదు. మీరు ఎవరికీ బరువు కారు. వంట చేసేవాళ్లు వంట చేసేవాళ్లను ఇట్టే పోల్చుకుంటారు, మీ చేతులు చూస్తే వాళ్లకే అర్థమవుతుంది.

చీజ్ చోటికి పొద్దున్నే తీసుకెళ్తారు, ఆలస్యం చేయవద్దు. రాత్రి పాల మీది మీగడ తీసి, పొద్దుటి పాలు కలిపి పెద్ద రాగి పాత్రల్లో పోస్తారు. సుమారు 40 కిలోల చక్రం ఒక్కటి తయారవడానికి 550 లీటర్ల దాకా పాలు కావాలి. కనీసం 12 నెలలు అరల మీద ఉన్నాక ఒకాయన చిన్న సుత్తితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. సంతలో కుండ కొనేటప్పుడు మనం తట్టినట్టే. లోపల గాలి బుడగ ఉంటే ధ్వని మారుతుంది.

మోడెనా వెనిగర్‌ను ఇంటి అటకల మీద పెడతారు. కాచిన ద్రాక్షరసాన్ని పెద్ద పీపా నుంచి చిన్న పీపాకు మారుస్తూ కనీసం 12 ఏళ్లు, మేలైనదైతే 25 ఏళ్లు ఉంచుతారు. పింగాణీ చెంచాలో నాలుగు చుక్కలు పోశారు. పాత చింతపండు గుజ్జు గుర్తుకొచ్చింది, ఆ నలుపు, ఆ పులుపులోని తీపి. అదే పేరుతో దుకాణంలో చవగ్గా అమ్మేది వేరు సరుకు, తేడా అడిగి కొనండి.

బొలోన్యాలో మీ మోకాళ్లకు భయం లేదు. వీధుల పక్కన అరుగుల మీద కప్పు వేసినట్టు స్తంభాల వసారాలు ఉంటాయి, నగరం నడిమధ్యే 38 కిలోమీటర్ల పొడవున. ఎండా వానా తగలవు. 2021లో వాటిని యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. సాన్ లూకా కొండకు మాత్రం 666 కమానుల కింద ఎక్కుడు, అది నడవకండి, చిన్న రైలుబండి లాంటిది ఉంది.

భోజనం వేళే కొంచెం ఇబ్బంది. మధ్యాహ్నం రెండున్నరకు వంటిల్లు మూసేస్తారు, మళ్లీ రాత్రి ఏడున్నర దాటితే గానీ తెరవరు. మీ డాక్టరును అడిగి మాత్రల వేళ ముందే సర్దుకోండి. సంచిలో వేరుశనగ ఉండలు ఉంచుకోండి. నెయ్యి మాత్రం తీసుకెళ్లవద్దు, బయటి దేశాల పాల పదార్థాలనూ మాంసాన్నీ అక్కడికి రానివ్వరు.

చివరికి మీ బారి. బొలోన్యా వైపు నుంచి రైల్లో దాదాపు ఆరు గంటలు, చాలా దూరం సముద్రం ఎడమ పక్కన తోడుగా వస్తుంది. కిటికీ దగ్గర కూర్చోండి. ఆ చెవుల పేరు ఒరెక్కియెత్తె. బొలోన్యా పిండిలో గుడ్లు కొడతారు, బారిలో గుడ్డు ఉండదు, గట్టి గోధుమ సన్నరవ్వ, నీళ్లు, అంతే. పిండి మన గవ్వల పిండి కంటే గట్టిగా ఉంటుంది. బొటనవేలి పక్క నొప్పి పుట్టేదాకా ఒత్తాను, నా పదిహేనో ముక్కకు గానీ ఆవిడ తల ఊపలేదు. అక్కడే బియ్యం, ఆలుగడ్డ, ఆల్చిప్పలు పొరలు పొరలుగా పేర్చి కాల్చే వంటకం ఒకటి ఉంది, తియెల్లా అంటారు. పప్పులా మెదిపిన ఎండు చిక్కుడు గింజల మీద చేదు ఆకుకూర వేసి పెడతారు. ఆ రెండూ తిన్న రోజు అన్నం మీద బెంగ తీరింది.

కావలి నుంచి:

వీసా గురించి ఎవరూ రాయలేదు కాబట్టి. ఇటలీ వెళ్లడానికి కావలసిన షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, చివరి గడువు 15 రోజులు. అంతదాకా ఆగవద్దు, రెండు మూడు నెలల ముందే వెళ్లండి. వేలిముద్రలకు మీరే స్వయంగా వెళ్లాలి. రుసుము 90 యూరోలు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు మిగలాలి. అబ్బాయి ఖర్చు పెడుతుంటే ఆయన ఉత్తరం, బ్యాంకు లెక్కలతో పాటు మీ మెస్సు లైసెన్సు, పన్ను కాగితాలు కూడా జత చేయండి. తిరిగి రావడానికి ఇక్కడ మీకు పని ఉందని చూపేవి అవే.

మూలపేట మెస్సు, నెల్లూరు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. అక్కా, మీరు రాసింది కోడలు పైకి చదివి వినిపించింది. బియ్యం కడగబోతే చెయ్యి పట్టుకున్న చోట వంటింట్లో అందరూ ఆగిపోయారు. 12 మంది బృందానికే డబ్బు కడుతున్నాను, అక్టోబరు మొదటి వారంలో. తినకూడని వాటి పేర్లు రాసిపెట్టుకున్నాను. తమ్ముడూ, ప్రదర్శన ముగిశాకే వెరోనా చేరేలా చూసుకుంటాను.

ఒక్కటి అడగాలి. ఆ ఇళ్లకు వట్టి చేతులతో వెళ్లబుద్ధి కావడం లేదు. ఏం తీసుకెళ్తే బాగుంటుంది?

కోవూరు రైసు మిల్లు:

ఉదయగిరి చెక్క గరిటెలు. నేను ఆరు తీసుకెళ్లాను. రిసొట్టో కలపడానికి వాళ్లు నడిమధ్య చిల్లు ఉన్న చెక్క గరిటె వాడతారు. నా మణికట్టు పట్టుకున్న ఆవిడ మన గరిటె తీసుకుని, అంచు మీద వేలితో రాసి చూసి, తన గరిటె పక్కన గోడకు తగిలించింది. పట్టు పొడుగ్గా ఉన్నవి తీసుకోండి, మరీ నగిషీ చెక్కినవి వద్దు. వాటిని గోడకే వదిలేస్తారు, వండరు.