విఎస్ కోడ్ ఎక్స్‌టెన్షన్‌లో తెరిచి ఉన్న ఫైల్ పాత్ సరిగా రావడం లేదు

ప్రశ్న:
నమస్కారం. విఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్ కోసం టైప్‌స్క్రిప్ట్ భాషలో ఒక చిన్న ఎక్స్‌టెన్షన్ (ఎడిటర్‌కు జోడించే అదనపు ప్రోగ్రాం) రాస్తున్నాను. తెరిచి ఉన్న ఫైల్ పాత్‌ను, అంటే డిస్కులో ఆ ఫైల్ ఉన్న చోటును, ఒక పైథాన్ స్క్రిప్టుకు అందించడమే దాని పని. యాక్టివ్‌టెక్స్ట్‌ఎడిటర్‌లోని (ప్రస్తుతం వాడుతున్న టెక్స్ట్ ఎడిటర్‌లోని) డాక్యుమెంట్ యూఆర్‌ఐకి (చిరునామాకు) టుస్ట్రింగ్ పెట్టి స్ట్రింగ్‌గా మార్చి, ముందున్న స్కీమ్ భాగాన్ని (అది ఏ రకం చిరునామానో చెప్పే భాగాన్ని) కత్తిరించి వాడుతున్నాను. అయితే ‘పాఠం’ అని తెలుగులో పేరున్న ఫైల్ తెరిస్తే, పేరు స్థానంలో శాతం గుర్తులు బారులు తీరుతున్నాయి. పిఎన్‌జి బొమ్మ తెరిస్తే ఎడిటర్ అన్‌డిఫైన్డ్ (విలువ లేనిది) అవుతోంది. ఎక్స్‌ప్లోరర్‌లో (పక్కనుండే ఫైళ్ల జాబితాలో) ఒక ఫైల్‌పై రైట్ క్లిక్ చేసి కమాండ్ నడిపితే, ఎడిటర్‌లో ఉన్న వేరే ఫైల్ పాత్ వస్తోంది. మూడింటికీ కారణం ఒక్కటేనా?

జవాబు 1:
కాదండీ, దేని కారణం దానిదే. మొదటిది టుస్ట్రింగ్ వల్ల వచ్చింది. అది యూఆర్‌ఐని ఎన్‌కోడ్ చేసి, అంటే ఇలాంటి అక్షరాలను శాతం గుర్తులున్న సంకేతాలుగా మార్చి ఇస్తుంది. యూనికోడ్‌లో ‘పాఠం’ అంటే ప, దీర్ఘం, ఠ, సున్న కలిపి 4 సంకేతాలు. వాటిని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, ఒక్కో బైటు శాతం గుర్తుతో కలిసి 3 అక్షరాలు కాబట్టి ఆ చిన్న పేరు 36 అక్షరాలకు సాగుతుంది. కత్తిరింపులన్నీ మానేసి యూఆర్‌ఐలోని ఎఫ్‌ఎస్‌పాత్‌ను (డిస్కు మీది పాత్‌ను మామూలు రూపంలో ఇచ్చే ప్రాపర్టీని) తీసుకోండి. పక్కనే ఉన్న ‘పాత్’ ప్రాపర్టీని మాత్రం వాడకండి. విండోస్‌లో అది డ్రైవ్ అక్షరానికి ముందు కూడా ఒక స్లాష్ పెట్టి ఇస్తుంది.

జవాబు 2:
మిగిలిన రెండింటి సంగతి చెబుతాను. ఎక్స్‌ప్లోరర్ మెనూ నుంచి కమాండ్ నడిపినప్పుడు, క్లిక్ చేసిన ఫైల్ యూఆర్‌ఐ మీ ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంటుగా అందుతుంది; పలు ఫైళ్లను ఎంచుకుని ఉంటే వాటన్నిటి జాబితా రెండో ఆర్గ్యుమెంటుగా వస్తుంది. మీ ఫంక్షన్ వాటిని పట్టించుకోకుండా నేరుగా ఎడిటర్‌ను అడుగుతోంది. కమాండ్ ప్యాలెట్ (కమాండ్ల పేర్లు వెతికి నడిపే పెట్టె) నుంచి పిలిస్తే ఆ ఆర్గ్యుమెంటు ఉండదు కనుక, ముందు దాన్ని చూసి, లేకపోతేనే ఎడిటర్ వైపు వెళ్లాలి. బొమ్మ టెక్స్ట్ ఎడిటర్‌లో తెరుచుకోదు కాబట్టి అక్కడ అన్‌డిఫైన్డ్ రావడం సహజమే. దానికి, తెరిచి ఉన్న ట్యాబ్‌ల వివరాలిచ్చే ట్యాబ్‌గ్రూప్స్ ద్వారా యాక్టివ్ ట్యాబ్ ఇన్‌పుట్‌ను (అందులో ఏం తెరిచి ఉందో చెప్పే విలువను) అడగండి. బొమ్మకైతే ట్యాబ్‌ఇన్‌పుట్‌కస్టమ్ వస్తుంది, అందులో యూఆర్‌ఐ ఉంటుంది. ట్యాబ్‌ల ఈ ఏపీఐ (ఎక్స్‌టెన్షన్లు వాడుకునే సదుపాయం) విఎస్ కోడ్ 1.67 వెర్షన్‌లో స్థిరపడింది కాబట్టి మీ ఎక్స్‌టెన్షన్ ప్యాకేజ్ ఫైల్‌లోని ఇంజిన్స్ విలువ (కావలసిన కనీస వెర్షన్) అంతకు తగ్గకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు, మూడూ సర్దుకున్నాయి. అయితే ఇంకా సేవ్ చేయని కొత్త ఫైల్ మీద నడిపితే ‘అన్‌టైటిల్డ్-1’ అనే ఫైల్ లేదని పైథాన్ మొరాయిస్తోంది.

జవాబు 3:
ఆ ఫైల్ డిస్కు మీద లేదు కదండీ, పైథాన్ చెప్పేది నిజమే. ఎఫ్‌ఎస్‌పాత్ ఏదో ఒక స్ట్రింగ్ ఇస్తుందే గానీ, ఫైల్ ఉందో లేదో చూడదు. అందుకే ముందు యూఆర్‌ఐ స్కీమ్ ‘ఫైల్’ అవునో కాదో పరీక్షించి, ‘అన్‌టైటిల్డ్’ అయితే ముందుగా సేవ్ చేయమని వాడుకరికి ఒక సందేశం చూపండి. నా దృష్టిలో ఇంతకన్నా ప్రమాదకరమైనది, ఫైళ్ల పాత ప్రతులను దాచే గిట్ నుంచి వచ్చే ‘గిట్’ స్కీమ్. డిఫ్‌లో (పాత, కొత్త ప్రతులను పక్కపక్కన పోల్చే తెరలో) ఎడమవైపు ఉన్న పాత ప్రతిలో కర్సర్ ఉంటే, ఎఫ్‌ఎస్‌పాత్ చూడటానికి అసలు ఫైల్ పాత్‌లాగే ఉంటుంది. తెర మీద పాత ప్రతి కనిపిస్తుండగా స్క్రిప్టు డిస్కు మీది కొత్తదాన్ని చదువుతుంది, ఎర్రరేమీ రాదు. మామూలు ఫైళ్లకు కూడా ఈజ్‌డర్టీ (సేవ్ చేయని మార్పులున్నాయా అని చెప్పే ప్రాపర్టీ) నిజమైతే, సేవ్ ఫంక్షన్‌ను పిలిచి, అది పూర్తయ్యేదాకా అవెయిట్‌తో (ఫలితం వచ్చేదాకా ఆపే పదంతో) ఆగి, సేవ్ ట్రూ ఇచ్చాకే పాత్‌ను పైథాన్‌కు పంపండి.