అద్దె ఇంట్లో కిటికీ అద్దం దానంతట అదే పగిలింది, ఏం చేయాలి?

మిర్యాలగూడ, ఇప్పుడు కొలంబస్:

అందరికీ నమస్తే. మేం అమెరికాకు కొత్తగా వచ్చాం. నేను, మా ఆయన, రెండేళ్ల బాబు. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు. ఈ రోజు పొద్దున కర్టెన్ జరిపితే బెడ్‌రూమ్ కిటికీ అద్దం కింది అంచు నుంచి పైదాకా పగిలి ఉంది. రాత్రి మా చెయ్యి తగల్లేదు, బయట నుంచి రాయి పడ్డ చప్పుడూ లేదు. చలి మాత్రం చంపేసింది. పక్క ఫ్లాట్ మనవాళ్లేమో, "ఆఫీసుకు చెప్పకండి, డిపాజిట్ మొత్తం పట్టుకుంటారు, ఖాళీ చేసేదాకా టేపు వేసుకుని నెట్టుకురండి" అంటున్నారు. ఊళ్లో అయితే నాన్న దుకాణానికి పోయి కొలత చెప్తే మధ్యాహ్నానికల్లా కొత్త అద్దం కూర్చునేది. ఇక్కడ ఎవరిని పిలవాలో కూడా తెలియదు. బాబు వేలు పెడతాడేమోనని టెన్షన్‌గా ఉంది. కొంచెం చెప్పండి.

మహబూబ్‌నగర్, ఇప్పుడు కొలంబస్:

చెల్లె, ముందు బాబు మంచం ఆ కిటికీ దగ్గర నుంచి జరుపు. మిగతావన్నీ తర్వాత.

ఇక్కడి కిటికీల్లో చాలావరకు రెండు అద్దాలు ఉంటాయి, మధ్యలో ఖాళీ వదిలి అంచులు మూసేస్తారు. నీది లోపలి అద్దం పగిలిందా, బయటిదా అన్నది మొదట చూడాలి. పగులు మీద వేలితో రాయకు. ఫోన్ టార్చ్ వేసి పక్క నుంచి చూస్తే ఏ అద్దం మీద ఉందో తెలిసిపోతుంది. లోపలిదైతే అద్దం తడి లేకుండా తుడిచి, పార్సిళ్లకు వేసే వెడల్పాటి పారదర్శక టేపును పగులు పొడవునా అంటించు. పగులు ఎక్కడ ఆగిందో అక్కడితో ఆపకుండా ఇంకో రెండు అంగుళాలు పోనివ్వు. బయటిదైతే రెండో అంతస్తులో కిటికీలోంచి వంగి టేపు వేసే ప్రయత్నం చేయొద్దు. కదిలే ముక్క ఉంటే పీకొద్దు, అది పట్టుకున్నంతసేపే పక్క ముక్కలు కూడా నిలబడతాయి. మీద నుంచి ఒక ప్లాస్టిక్ షీటు అడ్డం పెట్టు, గాలి రాదు. అట్టముక్క గానీ ప్లైవుడ్ గానీ పెట్టి స్క్రూలు మాత్రం బిగించొద్దు. నిప్పు అంటుకుంటే బయటపడే దారుల్లో బెడ్‌రూమ్ కిటికీ ఒకటి, అది తెరుచుకోవాలి.

ఇక ఆఫీసుకు చెప్పాలా వద్దా? ఈ రోజే చెప్పు. ఫోన్‌లో కాదు, మెయిల్‌లో గానీ, వాళ్ల పోర్టల్‌లో మెయింటెనెన్స్ రిక్వెస్ట్‌గా గానీ. పక్కవాళ్లు మంచికే చెప్పి ఉంటారు, కానీ ఆ సలహా వల్ల నష్టం నీకే. పగులు ఉన్నచోటే ఆగుతుందన్న నమ్మకం లేదు. చలిరాత్రుల్లో ఇంకా పాకొచ్చు. ఖాళీ చేసే రోజు వాళ్లు వచ్చి చూస్తే ఎప్పుడు పగిలింది, ఎట్లా పగిలింది అని నిరూపించే దారి నీ దగ్గర ఏదీ మిగలదు. డిపాజిట్ పోయేది అప్పుడే. ఈ రోజు చెప్తే అది రిపేరు పని. ఏడాది దాచి చెప్తే నువ్వు చేసిన డ్యామేజీ.

ఫొటోలు తీసేటప్పుడు ఒక్క విషయం మరిచిపోకు. పగులు మొదలైన చోటును దగ్గర నుంచి తీయి. రాయో బంతో తగిలి పగిలితే తగిలిన చోట ఒక చుక్క ఉంటుంది, అక్కడి నుంచి గీతలు నాలుగు దిక్కులకూ పోతాయి. చలికీ వేడికీ పగిలితే అట్లాంటి చుక్క ఉండదు. అంచు దగ్గర గీత చట్రానికి నిలువుగా, గోడకు మేకు కొట్టినట్టు తిన్నగా బయల్దేరుతుంది. కొంచెం దూరం పోయాకే వంకర తిరుగుతుంది. నువ్వు రాసినదాన్ని బట్టి నీది ఇదే అనిపిస్తోంది. అద్దాల పని తెలిసినవాళ్లు ఆ ఫొటో చూడగానే గుర్తుపడతారు. కిటికీ మొత్తం కనిపించేట్టు ఒకటి, అంచు దగ్గర ఒకటి, బయట మంచు కనిపించేట్టు ఒకటి తీసి ఆ మెయిల్‌కే జతచేయి. "ఏమీ తగలలేదు, రాత్రి చలికి పగిలింది, ఇంట్లో చిన్నపిల్లాడు ఉన్నాడు, త్వరగా మార్చండి" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. క్షమాపణలు రాయకు, నీ తప్పేమీ లేదు.

ఎందుకు పగిలిందంటే, అద్దం మధ్య భాగం గది వేడికి వ్యాకోచిస్తుంది, చట్రంలో ఇరుక్కున్న అంచు చల్లగా ఉండిపోతుంది. మధ్య భాగం సాగి అంచును లాగుతుంది. కోసేటప్పుడు అంచు మీద కంటికి కనబడని చిన్న గాటు పడి ఉంటే అక్కడ తెగుతుంది. మనం తెలియక దీనికి సాయం చేస్తుంటాం. కిటికీ కింద నేలలోంచి వేడిగాలి వచ్చే జాలి ఉంటే, దాని మీద పొడుగు కర్టెన్ వేలాడితే, వేడి అంతా కర్టెన్‌కూ అద్దానికీ మధ్యనే తిరుగుతుంది. కర్టెన్ అడుగున కాస్త ఖాళీ వదులు. స్పేస్ హీటర్ వాడుతుంటే కర్టెన్లకూ పరుపుకూ కనీసం 3 అడుగుల దూరం ఉండాలి, అది అద్దం కోసం కాదు, నిప్పు భయానికి. అద్దం మీద మంచు గడ్డకట్టిందని వేడినీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకు.

ఇంకోటి. మన దిక్కు ఎండలు 45 డిగ్రీలు దాటినప్పుడు కిటికీలకు వెండిరంగు కాగితమో నల్ల ఫిల్మో అంటించడం అలవాటే కదా. ఆ అలవాటుతో ఇక్కడ ఎండాకాలం రాగానే అంటించొద్దు. ఒకే అద్దం ఉన్న కిటికీకి అది సరిపోతుందేమో గానీ, జంట అద్దాల్లో లోపలి అద్దం వేడిని పట్టుకుని ఇట్లాగే పగలొచ్చు. వారంటీ ఉంటే అదీ పోవచ్చు.

ఆఫీసువాళ్లు పట్టించుకోకపోతే? మన కొలంబస్ ఉన్న ఒహాయో రాష్ట్ర చట్టంలో దారి ఉంది. రాతపూర్వకంగా చెప్పిన తర్వాత సహేతుకమైన టైములో, ఎక్కువలో ఎక్కువ 30 రోజుల్లో బాగుచేయకపోతే, రెంటును ఓనరుకు కాకుండా కోర్టు క్లర్క్ దగ్గర జమ చేయొచ్చు. అప్పటికి రెంటు బాకీ ఉండకూడదు. రెంటు కట్టడం ఆపేస్తా అనుకోవడం మాత్రం తప్పు, ఇల్లు ఖాళీ చేయించే కేసు పెట్టడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది. చాలాసార్లు అంతదాకా రాదు, మెయిల్ చూసి మనిషిని పంపిస్తారు.

దేవరకొండ, ఇప్పుడు న్యూజెర్సీ:

అక్క చెప్పినదంతా నిజం. ఒక్కటి కలుపుతాను. ఇంట్లో దిగిన రోజు ఒక ఫారం నింపి ఇచ్చి ఉంటారు, ఏ గోడ మీద గీత ఉంది, ఏ తలుపు సరిగా పడట్లేదు అని. దాని కాపీ వెతుక్కో. కిటికీ బాగుందని అందులో ఉన్నా భయపడనవసరం లేదు, మొన్నటిదాకా బాగున్నది నిన్న రాత్రి పగిలిందన్న నీ మాటకు అది బలమే. ఒప్పందంలో అద్దాల గురించి ఏముందో కూడా చదువు. కొన్నింట్లో కారణం ఏదైనా ఖర్చు అద్దెకున్నవాళ్లదే అని రాస్తారు. అట్లా ఉంటే అద్దెదారులకు న్యాయ సాయం చేసే లీగల్ ఎయిడ్ వాళ్లను అడుగు, రాసినంత మాత్రాన ప్రతిదీ చెల్లదు.

రెంటర్స్ ఇన్సూరెన్స్ ఎక్కువగా నీ సామాన్లకు, వేరేవాళ్లకు నీ వల్ల జరిగే నష్టానికి. బిల్డింగ్ అద్దానికి దాని దాకా పోవాల్సిన పని లేదు.

వనపర్తి, ఇప్పుడు డాలస్:

ఇదే పోస్టు కింద అడుగుతున్నా, ఏమనుకోవద్దు. మాది సొంతిల్లు. అద్దం పగల్లేదు కానీ రెండు అద్దాల మధ్యలో పొగమంచులాగా పట్టింది. ఎంత తుడిచినా పోదు. ఒకాయన వచ్చి కిటికీలన్నీ మార్చాలంటున్నాడు.

సూర్యాపేట, ఇప్పుడు డాలస్:

అన్నా, సంతకం పెట్టకు. మధ్యలో తేమ వచ్చిందంటే అంచు సీలు పోయింది, అంతే. ఆ తేమ లోపల ఉంది కాబట్టి తుడిస్తే పోదు. చట్రం వంకర పోకుండా, చెక్క కుళ్లకుండా ఉంటే కిటికీ మొత్తం తీయనక్కర్లేదు. జంట అద్దం ఒక్కటే కొత్తది చేయించి అదే చట్రంలో కూర్చోబెడతారు. కిటికీలు అమ్మే మనిషిని కాకుండా అద్దాల షాపు వాళ్లను పిలిచి ధర అడుగు. అంతకన్నా ముందు రెండు అద్దాల మధ్య అంచున ఉండే లోహపు పట్టీని టార్చ్‌తో చూడు, చాలావాటి మీద కంపెనీ పేరు, తయారైన తేదీ అచ్చు వేసి ఉంటాయి. సీలు మీద ఏళ్ల తరబడి వారంటీ ఇచ్చే కంపెనీలు చాలా ఉన్నాయి. కొన్ని మొదటి ఓనరుకే ఇస్తాయి, అది అడిగి కనుక్కో.

షాపుకు వెళ్లేముందు ఒక చిన్న పరీక్ష చేయి. చీకటి పడ్డాక లైటర్ వెలిగించి అద్దానికి దగ్గరగా పట్టుకుని కొంచెం పక్క నుంచి చూడు. మంట నాలుగు ప్రతిబింబాలుగా కనిపిస్తుంది, ఒక్కో అద్దానికి రెండు ముఖాలు కదా. నాలుగింటిలో ఒకటి వేరే రంగులో ఉంటే ఆ ముఖం మీద వేడిని ఆపే లో-ఈ పూత ఉన్నట్టు. ఆ మాట షాపులో చెప్పాలి, లేకపోతే మామూలు అద్దం వేసి పోతారు, డాలస్ ఎండకు ఆ గది ఉడికిపోతుంది.

టబ్బు, షవర్ పక్కన ఉన్న కిటికీలూ, తలుపుకు 24 అంగుళాల లోపు ఉన్నవీ, నేలకు దగ్గరగా మొదలయ్యే పెద్దవీ అయితే టెంపర్డ్ అద్దమే వేయాలి, అంటే పగిలినా పదునైన ముక్కలు కాకుండా చిన్న గుళ్లలాగా రాలేది. ఇప్పుడున్నది అదేనా అని తెలియాలంటే అద్దం మూలన చిన్న ముద్ర ఉందేమో చూడు. టెంపర్డ్ అద్దం ఒకసారి తయారయ్యాక కోయడం కుదరదు, కొలత తప్పితే డబ్బులు పోయినట్టే. అందుకే కొలత వాళ్లనే తీసుకోమను. 1978 కన్నా ముందు కట్టిన ఇళ్ల రంగుల్లో సీసం ఉండొచ్చు, అట్లాంటి పాత చెక్క కిటికీల పుట్టీ నువ్వు గీకొద్దు. నీది అంత పాతది కాదనుకుంటా.

మిర్యాలగూడ, ఇప్పుడు కొలంబస్:

అందరికీ చాలా థాంక్స్. అంచు దగ్గర గీత అక్క చెప్పినట్టే నిలువుగా ఉంది. ఫొటోలు పెట్టి మెయిల్ చేశా. మనిషి వచ్చి కొలతలు తీసుకున్నాడు, అద్దం ఆర్డర్ పెట్టి తెప్పించాలట, అందాకా లోపల షీటు వేసి పోయాడు. డబ్బుల మాట ఎత్తలేదు.

ఇంకోటి అడగొచ్చా? ఇక్కడ ఈ హడావిడిలో ఉంటే, ఊళ్లో మా ఇంటి పాత కిటికీ అద్దం కోతులు పగలగొట్టాయని అమ్మ ఫోన్. నాన్నకు మోకాళ్ల నొప్పులు. ఫోన్‌లో ఎట్లా చేయించాలి?

నల్లగొండ, ఇప్పుడు అట్లాంటా:

బిడ్డా, అదేం పెద్ద పని కాదు, అడగాల్సినవి అడిగితే చాలు. చెక్క చట్రమా, అల్యూమినియమా? అల్యూమినియం అయితే రబ్బరు పట్టీతో సహా మార్చమను, పాత రబ్బరు ఎండకు బిగుసుకుపోయి ఉంటుంది, దాన్నే మళ్లీ దూరిస్తే గాలికి అద్దం గలగలమంటుంది.

చెక్కదైతే వడ్ల ఆయనను, అంటే వడ్రంగిని, ఇంటికి పిలిపించమను. నాన్న స్టూల్ ఎక్కి కొలత తీయకూడదు. గాడి లోపలి నుంచి లోపలికి పైన, మధ్యన, కింద మూడుచోట్ల కొలిచి, అన్నింటికన్నా తక్కువ వచ్చినదాంట్లోంచి 3 మిల్లీమీటర్లు తగ్గించి కోయించాలి. గాడికి సరిగ్గా బిగుతుగా కోయిస్తే వానాకాలం చెక్క ఉబ్బినప్పుడు మళ్లీ పగుల్తుంది. చిన్న కిటికీకి 4 మిల్లీమీటర్ల అద్దం చాలు, పెద్దదైతే 5 వేయించండి. పాత లప్పం (పుట్టీ) అంతా గీకేసి, గాడిలో పల్చగా కొత్త లప్పం పెట్టి, దాని మీద అద్దం కూర్చోబెట్టి, అద్దాన్ని పట్టి ఉంచే సన్న చెక్క పట్టీ, అదే బీడింగ్, కొట్టాలి. లప్పం లేకుండా ఉత్త మొలలతో బిగించి పోయేవాళ్లున్నారు, అమ్మను పక్కన నిలబడి చూడమను. లప్పం ఆరకముందే రంగు వేయొద్దు, వారం పది రోజులు ఆగాలి.

కోతులకు అద్దం మందం పెంచితే లాభం లేదు. కిటికీ బయట వైపు ఇనుప జాలి కొట్టించు. జాలి పని అయ్యాకే అద్దం వేయమను, వెల్డింగ్ నిప్పురవ్వలు పడితే కొత్త అద్దం మీద మచ్చలు పడతాయి, తుడిచినా పోవు.