పేగులు అతుక్కోకుండా కడుపులో వేసే పొర, ఎవరికైనా వేశారా?

గోదారిగట్టు:
అమ్మకి గర్భసంచి ఆపరేషన్ అయ్యి పదకొండేళ్లు, అప్పట్లో పొట్ట కోసే చేశారు. పోయినేడాది ఒక రాత్రి కడుపు బిగదీసి నొప్పి, పచ్చగా వాంతులు, గాలి కూడా పోవట్లేదు, మేమేమో గ్యాస్ అనుకుని తెల్లారేదాకా సోడా తాగిస్తూ కూర్చున్నాం, అది తల్చుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. పాత ఆపరేషన్ తాలూకు అతుకుల్లో పేగు ఇరుక్కుని మూసుకుపోయిందని సీటీ చూసి చెప్పారు. ముక్కులో గొట్టం వేసి నాలుగు రోజులు నోట్లో చుక్క నీళ్లు పోయకుండా ఉంచితే అదే విడింది. ఇప్పుడు పాత కోత దగ్గర హెర్నియా వచ్చింది, మళ్లీ తెరవాలంట. లోపల కరిగిపోయే పొర వేస్తే అతుక్కోదు అంటున్నారు, నిజమేనా?

ఓటీ_సిస్టర్:
నేను పద్నాలుగేళ్లుగా ఆపరేషన్ థియేటర్లోనే. మీరడిగే పొరల్లో ఒకటైన సెప్రాఫిల్మ్ అంటే ఆత్రేయపురం పూతరేకే అనుకోండి, అంత పల్చన, అంత పెళుసు. తడి గ్లౌజు తగిలిందా వేలికి అంటుకుపోతుంది, ఇక తీయడం కాదు, అందుకే సర్జన్ పొడి గ్లౌజులు మార్చుకునేదాకా నేను కవరు విప్పను. హైలురోనిక్ యాసిడ్, సెల్యులోజ్ కలిపి చేస్తారు, లోపల పరిచాక ఒకట్రెండు రోజుల్లో జెల్ అయిపోయి వారం దాకా అడ్డుగా ఉంటుంది, నెలలోపు ఒంట్లోంచి పోతుంది. వారం చాలా అనిపిస్తుంది కదా, అతుకులు పుట్టేదే ఆ వారంలోనండి. పేగు పైపొర రాసుకుపోయిన చోట ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది, మామూలుగా అది దానంతటదే కరిగిపోవాలి, కరక్కపోతే గట్టి పోగులై పక్కదాన్ని పట్టేసుకుంటుంది.

పాలమూరు_బిడ్డ:
మా ఇంటామెకు రెండు పెద్దాపరేషన్లు అయినయ్. మూడోసారి సిస్ట్ తీయనీకి పోతే మూత్రసంచి పోయి గర్భసంచికి అతుక్కుని ఉన్నదంట, విడదీయనీకే గంటన్నర పట్టింది. అప్పుడు ఇంటర్‌సీడ్ అని జాలిగుడ్డ లెక్క ఉంటది, అది వేసిన్రు. నెత్తురు పూర్తిగా ఆగినంకనే వెయ్యాలె, నెత్తురుల తడిస్తే అతుకులు ఇంకా ఎక్కువైతయ్ అని డాక్టరమ్మ చెప్పింది. రెండేండ్లయింది, నొప్పి లేదు. కానీ మొదటి రెండు ఆపరేషన్లప్పుడు ఈ అతుకుల ముచ్చట ఒక్కరు చెప్పలే మాకు, అదే నా బాధ. కేంద్రం వాళ్ల 2019-21 సర్వేల తెలంగాణల 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే అని వచ్చింది, ఎంతమంది ఆడోళ్లు ఇట్ల తెల్వక తిరుగుతున్నరో.

డల్లాస్_అక్క:
నాకు ఇక్కడ పేగు కొంత తీసేసినప్పుడు సెప్రాఫిల్మ్ వేశారు, అమెరికాలో 1996 నుంచే అనుమతి ఉంది దానికి. అయినా ఆర్నెల్లకి పేగు అడ్డుపడి మళ్లీ అడ్మిట్ అయ్యాను, అందుకే గోదారిగట్టు గారూ, పొర వేశారు కదా అని నిశ్చింతగా ఉండకండి. 2006లో 1701 మందితో చేసిన పరిశోధన వచ్చింది, పేగు అడ్డుపడటం పొర వేసినా వెయ్యకపోయినా 12 శాతమే, కాకపోతే అతుకుల వల్ల అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు 3.4 నుంచి 1.8 శాతానికి తగ్గారు. నాకూ ఆపరేషన్ దాకా రాలేదు, గొట్టంతోనే విడింది. ఇంకోటి, పేగు కోసి కలిపిన కుట్టు చుట్టూ ఈ పొర చుట్టకూడదు, అక్కడ లీకు పెరుగుతుంది, మా సర్జన్ ముందే బొమ్మ గీసి చూపించారు.

ఓటీ_సిస్టర్:
అక్క చెప్పింది నిజం. గోదారిగట్టు గారూ, మీ అమ్మగారిది హెర్నియా కాబట్టి మెష్, అంటే ఆసరాగా ఉండే జాలీ, పెడతారు, అది పేగుకి తగిలేలా లోపల పెట్టేటట్టయితే పేగు వైపు కరిగే పూత ఉన్న మెష్‌లు ఉంటాయి, మామూలు మెష్ నేరుగా పేగు మీద పడితే బాగా పట్టేస్తుంది. మీరు పొర గురించి కాదు, మెష్ ఎక్కడ పెడతారు, ఏ రకం అని అడగండి. పాత ఆపరేషన్ కాగితాలు ఉంటే పట్టుకెళ్లండి.

గోదారిగట్టు:
సిస్టర్ గారూ, ఇవాళ అడిగాను. కండరం వెనకాల, పేగుకి తగలకుండా పెడతాం, పొట్టకి లోపలివైపు సహజంగా ఉండే పొర చిరిగి అలా కుదరకపోతే పూత ఉన్నది వాడతాం అన్నారు, రెండూ సిద్ధంగా ఉంచుతారంట. పాత డిశ్చార్జి కాగితం అమ్మ చీరల మడతల్లో దొరికింది, సిరా వెలిసిపోయింది గానీ చదవొచ్చు. గురువారం అడ్మిషన్.