అలైన్‌మెంట్ చేయించినా లారీ ఎడమకే లాగుతోంది, టైరు లోపలి వైపు తినేస్తోంది

మిర్యాలగూడ వడ్లబండి:
అన్నలూ, నాది ఆరు టైర్ల లారీ. మిల్లు బియ్యం హైదరాబాద్‌కు వేస్తాను, సీజన్‌లో ఊళ్ల నుంచి వడ్లు. ముందు ఎడమ టైరు, రేడియలే, లోపలి వైపు నున్నగా అయిపోయింది, బయటి వైపు చూస్తే గాడి ఇంకా బాగానే ఉంది. కుడిది అంత అరగలేదు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కాక స్టీరింగ్ కొంచెం కుడికి పట్టుకుంటేనే బండి తిన్నగా పోతుంది, వదిలితే ఎడమకు జారుతుంది. పోయిన నెలే అలైన్‌మెంట్ చేయించాను, ముందు రెండు చక్రాలకు మిషన్ తగిలించి, టై రాడ్ (ముందు రెండు చక్రాలను కలిపే కడ్డీ) తిప్పి, అయిపోయింది తీసుకుపో అన్నారు. తేడా ఏమీ లేదు. మళ్లీ చేయిస్తానంటే మా బాబాయి, బండిలో సగం వాటా ఆయనదే, లారీకి అలైన్‌మెంట్ ఏందిరా, అది కార్లోళ్లకు అంటున్నాడు. కొత్త టైరు వేయాలంటే టెన్షన్‌గా ఉంది, అదీ ఇట్లనే తింటే ఎట్లా?

జడ్చర్ల మెకానిక్:
కొత్త టైరు ఇప్పుడే వేయకు తమ్మీ. నువ్వు చెప్పినవి రెండు వేరు వేరు రోగాల లాగున్నాయి, అరుగుడు ఒకటి, లాగుడు ఒకటి.

టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, తప్పితే మామూలుగా ముందు రెండు టైర్లూ అరుగుతాయి. ముందు వైపు చక్రాలు దగ్గరికి ఎక్కువ ఉంటే బయటి అంచులు, దూరంగా ఉంటే లోపలి అంచులు. నీకు ఎడమది ఒక్కటే లోపల తింటోంది కాబట్టి నా అనుమానం కింగ్ పిన్ను (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే ఇరుసు పిన్ను) బుష్‌ల మీద, లేదంటే వీల్ బేరింగ్ మీద. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి కింద ఒక చెయ్యి పెట్టి ఊపు. లూజు తెలిస్తే క్లీనర్‌ను బ్రేక్ తొక్కమని చెప్పి మళ్లీ ఊపు. బ్రేక్ తొక్కగానే లూజు పోతే బేరింగ్, తొక్కినా అట్లనే కొట్టుకుంటే కింగ్ పిన్ను. తర్వాత చేతులు అటొకటి ఇటొకటి పక్కలకు పెట్టి ఊపితే టై రాడ్ ఎండ్లు సంగతి కూడా తెలుస్తుంది. ఇవి లూజు ఉండగా మిషన్ మీద ఎన్ని అంకెలు సరిచేసినా షాపు గేటు దాటే లోపే మారిపోతాయి.

లాగడానికి ముందు గాలి చూడు, రెండు వైపులా సమానంగా ఉందా అని. కొంచెం దూరం నడిపి ఆపి హబ్బుల దగ్గర చెయ్యి పెట్టు, ఎడమది బాగా కాలుతుంటే బ్రేక్ పట్టేస్తున్నట్టు. చెయ్యి మరీ ఆనించకు, బొబ్బ లేస్తుంది. ఈ రెండూ బాగుంటే వెనక యాక్సిల్ చూడాల్సిందే. అలైన్‌మెంట్ అంటే ముందు చక్రాలే అనుకునే షాపులు చాలా ఉన్నాయి. బండిని తోసేది వెనక చక్రాలు, అవి ఓరగా తోస్తుంటే ముందు చక్రాలను ఎంత సరిచేసినా స్టీరింగ్ వంకరగా పట్టుకోవాల్సిందే.

సూర్యాపేట పాత డ్రైవర్:
మేం దారం కట్టి, టేపు పెట్టి సరిచేసుకునేవాళ్లం, టైర్లు బాగానే వచ్చేవి. మిషన్ లేకపోతే లారీ నడవదా?

జడ్చర్ల మెకానిక్:
నడుస్తుంది పెద్దన్నా, దారంతో టో బాగానే పట్టొచ్చు, నేను కాదనను. ఈ తమ్ముడు కూడా ఇప్పుడు మిషన్ దగ్గరికి పోవద్దు, టేపే తీసుకోవాలి. చదును నేల మీద చక్రాలు తిన్నగా పెట్టి, ముందు హబ్బు మధ్య నుంచి వెనక హబ్బు మధ్య దాకా ఎడమ పక్క ఒకసారి, కుడి పక్క ఒకసారి కొలువు. రెండూ ఒకటే రావాలి. బండి ఎడమకు లాగుతోందంటే ఎడమ పక్క తక్కువ వస్తుందేమో చూడు.

మిర్యాలగూడ వడ్లబండి:
అన్నా, పొద్దున మిల్లు దగ్గర సిమెంటు గచ్చు మీద కొలిచాం. ఎడమ పక్క సెంటీమీటరు పైనే తక్కువ! కింద దూరి చూస్తే వెనక ఎడమ కమాన్ కట్టల దగ్గర, కట్టను యాక్సిల్‌కు బిగించే యూ బోల్టులు లూజు, యాక్సిల్ మీద కట్ట కూర్చునే చోట కొత్తగా రాపిడి పడి మెరుస్తోంది. బ్రేక్ తొక్కి ఊపితే ముందు చక్రం లూజు అట్లనే ఉంది, అంటే కింగ్ పిన్నే కదా?

జడ్చర్ల మెకానిక్:
కింగ్ పిన్నే. వెనక సెంటర్ బోల్టు, అదే కట్ట మధ్యలో గుచ్చి యాక్సిల్‌ను దాని చోట నిలిపేది, తెగి ఉంటుంది, కట్ట విప్పితే తెలుస్తుంది. అది తెగాక యాక్సిల్‌ను పట్టుకునేది యూ బోల్టుల బిగువు ఒక్కటే, అదీ లూజయితే లోడు మీద గుంతలో పడ్డప్పుడల్లా కొంచెం కొంచెం జరుగుతుంది. కొత్త సెంటర్ బోల్టు, కొత్త యూ బోల్టులు వేయించు, పాతవాటినే బిగించి సరిపెట్టొద్దు, లోడు వేసి కొంత తిరిగాక మళ్లీ ఒకసారి బిగించాలి. దాని తర్వాత కింగ్ పిన్ను కిట్టు, అన్నిటికన్నా చివర అలైన్‌మెంట్. ఒకవేళ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం) ఇంకా తేడా వస్తే ముందు యాక్సిలే వంగి ఉండొచ్చు, దాన్ని గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి వంచుతామనే వాళ్లను బండి దగ్గరికి రానీయకు. కాల్చిన ఇనుము బలం పోతుంది, అది మీ ప్రాణం మోసే యాక్సిల్.

పాలమూరు ట్రాన్స్‌పోర్ట్ లెక్కలు:
బాబాయికి ఈ లెక్క చెప్పు తమ్ముడూ. లారీ టైరు అడ్డం సుమారు మీటరు. ముందు టైర్ల మధ్య దూరం ముందు వైపు, వెనక వైపు కొలిస్తే 10 మిల్లీమీటర్లు తేడా ఉందనుకో, ఒక్కో చక్రం వాటా మీటరుకు 5. అంటే ప్రతి కిలోమీటరుకు ఆ టైరు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినంత పని. నల్లగొండ నుంచి హైదరాబాద్ 100 కిలోమీటర్లు వేసుకుంటే అర కిలోమీటరు టైరును తారు మీద అడ్డంగా రుద్దినట్టే, అదీ లోడుతో. ఆ రుద్దుడుకు డీజిల్ కూడా నువ్వే పోస్తున్నావు. ఇక టైరు 20 వేలు దాటి పోస్తున్నాం, మా ఆఫీసులో అయితే దాని సగం విలువ రీబటన్‌లోనే (అరిగిన టైరుకు కొత్త గాడి పొర వేయించడం) ఉందంటాం, ఒక పక్క లోపలి దారాలు తేలేదాకా అరిగితే రీబటన్ వాళ్లు ముట్టుకోరు. కారుకు నాలుగు టైర్లు, ఏడాదికి అది తిరిగేదెంత? అలైన్‌మెంట్ ఎవరికి ఎక్కువ అవసరమో ఆయన్నే చెప్పమను.

కోదాడ పన్నెండు చక్రాలు:
మా సిమెంటు బండ్లకు వెనక రెండు యాక్సిళ్లు, అవి ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ముందు టైర్లే కాదు, వెనకవన్నీ తింటాయి. ఆ యాక్సిళ్లను చోటు కదలకుండా పట్టే టార్క్ రాడ్ బుష్‌లు పోతే ఇదే గోల. ఆరు టైర్ల బండి, నీకు కొంత నయం.

మిర్యాలగూడ వడ్లబండి:
బాబాయికి లెక్క చదివి వినిపించాను, ఏమీ అనలేదు కానీ సామాను ఎంతవుతుందో కనుక్కోమన్నాడు. ఒక్క డౌటు, సగం అరిగిన ఆ ఎడమ టైరును పారేయాలా?

జడ్చర్ల మెకానిక్:
దారాలు కనపడకపోతే రిమ్ము మీద తిరగేసి వెనక జతలో వేయి, ముందు మాత్రం వద్దు. జతలో పక్క టైరుతో ఎత్తు కలవాలి, లేకపోతే లోడంతా పెద్ద టైరు మీదే పడి అది వేడెక్కుతుంది. ఎత్తు కలవకపోతే స్టెప్నీగా పెట్టుకో.