మోడర్న్, పోస్ట్‌మోడర్న్ కోర్సు: చేయాలా, వద్దా?

నల్లకుంట_రాజు:
ఆధునికత, దాన్ని ప్రశ్నించే పోస్ట్‌మోడర్నిజం మీద ఒక విదేశీ యూనివర్సిటీ ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేశా. పద్దెనిమిదో శతాబ్దపు తత్వవేత్తలు రూసో, కాంట్‌లతో మొదలై మార్క్స్, నీషే, ఫ్రాయిడ్ మీదుగా ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో, అమెరికన్ తత్వవేత్త జూడిత్ బట్లర్ దాకా వస్తుంది. ప్రొఫెసర్ బాగా చెప్తాడు. కానీ వ్యాసాలు దిద్దేది తోటి విద్యార్థులే. ఫూకో మీద నా వ్యాసానికి ఎవరో ‘టాపిక్‌కు సంబంధం లేదు’ అని ఒక్క ముక్క రాసి సున్నా పెట్టారు. ఈ కోర్సు ఎవరికీ చెప్పను.

తార్నాక_మాస్టారు:
మార్కుల గొడవ పక్కన పెట్టండి. వీడియోలు సరే, మూలాలు చదివారా? కాంట్ 1784లో రాసిన ‘జ్ఞానోదయం అంటే ఏమిటి’ వ్యాసం నాలుగైదు పేజీలు. మనిషి ఇంకా ఒకరి చేయి పట్టుకుని నడవడానికి సోమరితనం, పిరికితనమే కారణమంటాడు. నా బదులు ఆలోచించడానికి పుస్తకం, పథ్యం చూడ్డానికి డాక్టరు ఉంటే నాకెందుకు శ్రమ అనేవాళ్ళను వెక్కిరిస్తాడు. ప్రొఫెసర్ వీడియో కూడా ఆ లెక్కలోదే.

నల్లకుంట_రాజు:
చదివాను మాస్టారూ. నేనడిగేది సున్నా గురించి.

నైట్‌షిఫ్ట్_గచ్చిబౌలి:
1.5 స్పీడ్‌లో పెట్టండి, తొందరగా అయిపోతుంది. సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాలా?

స్వాతి_బి:
నేను మధ్యలోనే వదిలేశా. దాదాపు అంతా యూరప్, అమెరికానే. గురజాడ, అంబేద్కర్‌ల ఆధునికత ఎక్కడ?

తార్నాక_మాస్టారు:
గురజాడ కోసం అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్ళండమ్మా. పైగా అది యూరప్‌ను పొగిడే కోర్సు కాదు. శాస్త్రాలు, కళలు మనిషి నీతిని చెడగొట్టాయని రాసి 1750లో దిజాన్ అకాడమీ బహుమతి కొట్టాడు రూసో.

స్వాతి_బి:
పొగుడుకున్నా వాళ్ళే, తిట్టుకున్నా వాళ్ళే.

తార్నాక_మాస్టారు:
రాజు గారూ, ఇంతకీ ఏం రాశారు?

నల్లకుంట_రాజు:
ఇంగ్లీషు తత్వవేత్త బెంథామ్ గీసిన జైలు నమూనా తెలుసుగా. మధ్యలో టవర్, చుట్టూ గదులు. చూస్తున్నారో లేదో తెలియక ఖైదీ తనకు తానే కాపలా కాస్తాడు. బళ్ళు, బ్యారక్‌లు, ఫ్యాక్టరీలు కూడా ఆ దారిలోనే నడుస్తాయని 1975లో ఫూకో రాశాడు. నేను గ్రూప్స్‌కి ప్రిపేరైన అశోక్‌నగర్ హాస్టల్ రీడింగ్ రూమ్ గురించి రాశా. తలుపు పైన కెమెరా. వైరు తెగి గోడకు వేలాడుతోంది, అందరికీ కనిపిస్తోంది. అయినా ఒక్కడూ ఫోన్ బయటికి తీసేవాడు కాదు. ఓనర్ ఊళ్ళో లేకపోయినా.

తార్నాక_మాస్టారు:
వైరు తెగిందని తెలిశాక అది ఫూకో చెప్పింది కాదు. ఆ జైలు నడిచేదే అనుమానం మీద. మీరు భయపడింది పక్కవాడికి. సున్నా అన్యాయమే గానీ, నేనైనా ప్రశ్నార్థకం పెట్టేవాణ్ణి.

నల్లకుంట_రాజు:
అదీ సంగతి! బెంథామ్ జైలైతే థియరీ, అశోక్‌నగర్ హాస్టల్ అయితే ప్రశ్నార్థకం. మీరు జీతం తీసుకుంటూ చదువుకున్నారు మాస్టారూ. మేం డ్యూటీ దిగాక, మెట్రోలో నిలబడి చదువుతున్నాం.

తార్నాక_మాస్టారు:
జీతం ఊసెందుకు? ముందు వాళ్ళు ఏమన్నారో అర్థం చేసుకుని, తర్వాత మన హాస్టల్ తేవాలంటున్నా.

స్వాతి_బి:
ఆ ‘ముందు’ ఎప్పటికి అవుతుంది సార్? పీజీలో నేను మా బస్తీ ఉదాహరణ ఇస్తే ఇదే మాట అన్నారు. రెండేళ్ళూ వాళ్ళను అర్థం చేసుకోవడంతోనే సరిపోయింది. మా బస్తీ వంతు రానేలేదు. మీకు మేం చదవడం కావాలి, మాట్లాడటం కాదు.

నల్లకుంట_రాజు:
నేను సున్నా సున్నా అని మొత్తుకున్నది దీని గురించే.

తార్నాక_మాస్టారు:
సరే, ఆ వ్యాసం ఇక్కడ పెట్టండి. మొత్తం చదువుతా. వైరు సంగతి మాత్రం వదలను.