సైడ్ వీల్స్ ఉన్న స్కూటర్‌కు రీకాల్ రిపేర్ ఫ్రీగా చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

నాది 2022 మోడల్ 125 సీసీ స్కూటర్, ముందు డిస్క్ బ్రేక్. కాలికి పోలియో కాబట్టి కొన్న నెలలోనే వెనక సైడ్ వీల్స్ కిట్ పెట్టించి, ఆర్టీఓ దగ్గర పరీక్ష చేయించి ఆర్సీలో కూడా ఎక్కించాను.

ముందు బ్రేక్ హోస్ (బ్రేక్ ఆయిల్ వెళ్లే గొట్టం) నుంచి ఆయిల్ కారే అవకాశం ఉందని కంపెనీ రీకాల్ ఇచ్చింది, అంటే లోపం ఉన్న బండ్లను వెనక్కి పిలిచి ఫ్రీగా బాగు చేస్తామంది. వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబరు కొడితే నా బండి పెండింగ్ అనే చూపిస్తోంది. కానీ షోరూమ్‌లో సైడ్ వీల్స్ చూడగానే "బండి మార్చారు కదా, రాదండీ" అన్నారు. హోస్ ముందుంది, కిట్ వెనకుంది! ఇంకో ఊళ్లో డీలర్ కిట్ విప్పి తెస్తే చేస్తానన్నాడు. విప్పితే బండి తెచ్చేదెవరు?

కస్టమర్ కేర్‌కు మూడు మెయిల్స్ పెట్టాను. ఆర్సీ, ఫిట్టింగ్ బిల్లు, ఫొటోలు జత చేశాను. "డీలర్‌ను సంప్రదించండి" అని అదే జవాబు మూడుసార్లు. డబ్బులిచ్చి వేయించుకుందామంటే ఆ పార్ట్ బయట దొరకడం లేదు. వారం నుంచి బ్రేక్ లివర్ కాస్త లోపలికి పోతోంది, అందుకే బండి తీయడం మానేశాను.

మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ కింద దివ్యాంగుల కోసం బండిని మార్చుకోవచ్చు. రీకాల్ గురించి 110ఏ ఉంది. వారంటీ, రీకాల్ ఒకటి కాదని చెప్పినా కౌంటర్‌లో ఎవరూ వినడం లేదు.

కిట్ విప్పకుండానే రీకాల్ పని చేయించుకున్నవాళ్లు, ఎవరికి, ఏ కాగితాలతో రాస్తే ఒప్పుకున్నారో చెప్తారా?